కొంగుకి కట్టేస్తే బిడ్డకి రక్షణా?

నీళ్ళలో పడి పసిబిడ్డ చనిపోతే మన దినపత్రికలు రాసే వార్తకి ఒక మూస ఉంది. తల్లి ఇంటి పనిలో ఉంటుంది, లేదా కూలి పనిలో ఉంటుంది. బిడ్డ ఆడుకుంటూ వెళ్ళి సంపులోనో, కుంటలోనో, నీళ్ళ తొట్టిలోనో పడుతుంది. తండ్రి వార్త చివర్లో వస్తాడు, కన్నీరుమున్నీరుగా విలపించటానికి. సంపుకి మూత పెట్టని యజమాని ఆ వార్తలో కనపడడు. గుంతకి కంచె వెయ్యని కాంట్రాక్టరు కనపడడు. కూలికి పోయే తల్లి తన బిడ్డని ఎక్కడ ఉంచాలో చెప్పని ప్రభుత్వం అసలే కనపడదు. చదివిన వాళ్ళ మనసులో మిగిలేది ఒక్కటే మాట: తల్లి చూసుకోలేదు.

ఇదే మాట ఇప్పుడు చదువుకున్న మధ్యతరగతి ఇళ్ళలో ఇంకో వేషంలో వినపడుతోంది. మూడేళ్ళ బిడ్డని ఈత క్లాసులో చేర్పించి, టీచరు చేతికి అప్పగించి, తల్లి ఒడ్డున కూర్చుంటే చాలు, ప్రశ్నలు మొదలవుతాయి. అంత పసిదాన్ని తల్లి తోడు లేకుండా నీళ్ళలో దించుతారా? అది ఏడుస్తుంటే చూస్తూ కూర్చోటానికి మనసెలా ఒప్పింది?

మొదటి మాట కూలి తల్లిని నేరస్తురాల్ని చేస్తుంది. రెండోది ఉద్యోగం చేసే తల్లిని రాతిగుండె మనిషిని చేస్తుంది. రెండింటి వెనకా ఉన్న భావజాలం మాత్రం ఒకటే. బిడ్డ ప్రాణానికి తల్లి శరీరమే కంచె. ఆ కంచె క్షణం పక్కకి జరిగితే ఏం జరిగినా తప్పు దానిదే. తల్లి గానీ తండ్రి గానీ నీళ్ళలో లేకుండా పసిబిడ్డ ఈత నేర్చుకోవటం నిర్లక్ష్యం కాదని నా వాదన. సరైన ఏర్పాట్లున్న చోట అది బిడ్డ హక్కు. బిడ్డ రక్షణ తల్లి ఒక్కతె మీద కాకుండా సమాజం మీద పడితే ఎలా ఉంటుందో చూపించే చిన్న నమూనా కూడా. ఆ నమూనా ఇవాళ డబ్బు పెట్టగలిగిన వాళ్ళకే దొరుకుతోంది. మనం పోట్లాడవలసింది ఆ విషయం మీద. ఒడ్డున కూర్చున్న తల్లి మీద కాదు.

పేరెంట్ అంటే ఎవరు?

ఈ పద్ధతి బాగా వేళ్ళూనిన దేశాల్లో అమెరికా ఒకటి. అక్కడి వైఎంసీఏల్లో ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు పిల్లలకి పేరెంట్‌తో కలిసి క్లాసు. మూడేళ్ళు దాటాక పేరెంట్ నీళ్ళలోంచి బయటికి రావాలి. ఇక బిడ్డ, టీచరు, తోటి పిల్లలు. మన తెలుగు వాళ్ళు వేలమంది ఈ మెట్టు దాటుతున్నారు కాబట్టి ఆ ప్రశ్నలు సముద్రం దాటి మన ఇళ్ళదాకా వస్తున్నాయి.

కొన్నేళ్ళ కిందట డాలస్ శివార్లలో ఉండే మా చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు అలాంటి మొదటి క్లాసు చూశాను. అరగంట క్లాసు. నలుగురు పిల్లలు పూల్ మెట్ల మీద నడుము లోతు నీళ్ళలో కూర్చుని కాళ్ళు ఆడిస్తున్నారు. టీచరు నీళ్ళలోనే నిలబడి ఒక్కొక్కరినీ చేతుల మీదకి తీసుకుంటోంది. పైన ఎత్తు కుర్చీలో లైఫ్‌గార్డ్. అద్దాల గోడకి ఇవతల మేము. మా చెల్లెలి కూతురు మొదటి ఐదు నిమిషాలూ అమ్మా అని ఏడ్చింది. టీచరు దాన్ని బలవంతంగా ముంచలేదు. పైమెట్టు మీద కూర్చోబెట్టి, చేతికి ఒక ప్లాస్టిక్ చెంబు ఇచ్చి, మిగతా పిల్లల్ని చూడనిచ్చింది. క్లాసు అయ్యేసరికి చెంబుతో తన నెత్తిన తనే నీళ్ళు పోసుకుంటోంది.

ఆ సాయంత్రం గుంటూరు నుంచి అత్తగారు ఫోన్ చేశారు. "అది నీళ్ళలో ఏడుస్తుంటే నువ్వు ఒడ్డున కూర్చుని ఏం చేస్తున్నావే తల్లీ?" అని అడిగారు. మా మరిది ఆ అరగంటా చెల్లెలి పక్కనే కూర్చుని ఆఫీసు మెయిల్స్ చూసుకున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అంతకు ముందు నడిచిన పేరెంట్ క్లాసుల్లో నెలల తరబడి నీళ్ళలో దిగింది కూడా చెల్లెలే. పేరెంట్ అనే మాటలో స్త్రీ పురుషులు ఇద్దరూ ఉంటారు. నీళ్ళలో తడిసేది, ఒడ్డున తిట్లు తినేది మాత్రం ఒక్కతే.

మన బావుల్లో తల్లి ఎక్కడుంది?

ఇది పాశ్చాత్య పోకడ, మన సంస్కృతిలో తల్లి బిడ్డని అలా వదిలెయ్యదు అనే పెద్దమనుషులకి ఒక ప్రశ్న. మన ఊళ్ళలో మగపిల్లలు ఈత ఎలా నేర్చుకున్నారు? నడుముకి తాడు కట్టి, వీపుకి మునగ బెండ్లో, సొరకాయ బుర్రో, ఎండు కొబ్బరికాయలో కట్టి, నాన్నో మేనమామో అన్నో మోటబావిలోకి దించాడు. కొందరినైతే ఒక్క తోపు తోశాడు. తర్వాత ట్రాక్టరు ట్యూబులొచ్చాయి. ఆ బావిలో తల్లి ఎప్పుడుంది? ఒడ్డున కూడా లేదు. పొయ్యి దగ్గర ఉంది. నీళ్ళు మింగి ఏడుస్తున్న పిల్లాణ్ణి చూసి నవ్విన మేనమామని ఎవరూ రాతిగుండె అనలేదు. దాన్ని పెంపకం అన్నారు, మగతనం అన్నారు.

అంటే తల్లి నీళ్ళలో లేకపోవటం ఎప్పుడూ సమస్య కాలేదు. ఆ నిర్ణయం తల్లి తీసుకోవటం, అందుకు బయటి మనిషికి జీతం ఇవ్వటం, ఆ అరగంట తను ఊరికే కూర్చోవటం సమస్య అయ్యాయి. స్త్రీ ఊరికే కూర్చోవటాన్ని ఓర్చుకోలేని సమాజం మనది.

ఇంకో సంగతి. తల్లి నీళ్ళలో ఉంటే బిడ్డకి రక్షణ అనే వాళ్ళు ఆ తల్లికి ఈత వచ్చో రాదో అడగరు. మన ఆడవాళ్ళలో ఎంతమందికి ఈత వచ్చు? పిల్లప్పుడు కాలవలో దిగిన వాళ్ళని కూడా పెద్దమనిషి కాగానే ఒడ్డెక్కించారు. తడిసిన ఒంటి మీద చూపులు, పరువు, బట్టలు ఎన్నో అడ్డుపడ్డాయి. 2004 డిసెంబరు సునామీ తర్వాత తమిళనాడులోని కడలూరు జిల్లా లెక్కల్ని ఆక్స్‌ఫామ్ 2005లో బయటపెట్టింది. అక్కడ చనిపోయిన ఆడవాళ్ళు మగవాళ్ళకి దాదాపు మూడింతలు. ఈత, చెట్లెక్కటం నేర్వనివ్వకపోవటం, పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తవలసి రావటం, ఆ వేళ ఒడ్డున ఉండే పనులు: ఇలాంటి కారణాలే అప్పుడు చర్చకొచ్చాయి. ఈత రాని తల్లిని బిడ్డతో పాటు నీళ్ళలోకి దించితే రక్షణ వస్తుందా? మునుగుతున్న బిడ్డ కోసం దూకి తల్లీబిడ్డలిద్దరూ పోయిన వార్తలు మనం ప్రతి వేసవిలోనూ చదువుతూనే ఉన్నాం.

నీళ్ళ మీద హక్కు ఈ దేశంలో ఎన్నడూ అందరిదీ కాలేదు. 1927లో మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళు తాగటానికి అంబేద్కర్ నాయకత్వంలో ఉద్యమం చెయ్యాల్సి వచ్చింది. 1985 జులైలో కారంచేడులో మాదిగల ఊచకోతకి ముందు జరిగింది మంచినీళ్ళ చెరువు దగ్గర ఒక మాదిగ స్త్రీ ప్రశ్నించటమే. చెరువులో చెయ్యి పెట్టనివ్వని వాళ్ళు ఆ పిల్లల్ని ఈతకి దిగనిస్తారా? ఈత రాకపోవటాన్ని వ్యక్తిగత లోపంగా చూసేవాళ్ళు కులాన్నీ జెండర్‌నీ రెండింటినీ మర్చిపోతున్నారు.

ఏడుపు గురించి, ఒంటి మీద చెయ్యి గురించి

అభ్యంతరాలన్నిటినీ పితృస్వామ్యం అని కొట్టిపారెయ్యటం తేలిక. అలా చెయ్యను. రెండు అభ్యంతరాలు నిజంగా ఆలోచించవలసినవి.

మొదటిది బిడ్డ భయం. మూడేళ్ళ మనిషి కూడా మనిషే. ఆ భయాన్ని లెక్కచెయ్యకుండా ముంచి లేపటం నేర్పటం కాదు, హింస. మోటబావిలోకి తోసిన మేనమామకీ, పూల్‌లో ముంచే కోచ్‌కీ నా దృష్టిలో తేడా లేదు. ఏడాది లోపు శిశువులకి ఈత పాఠాలు ప్రాణరక్షణ ఇస్తాయనటానికి ఆధారం లేదని అమెరికన్ శిశువైద్యుల అకాడమీయే చెప్పింది. అదే అకాడమీ ఒకప్పుడు నాలుగేళ్ళ లోపు పిల్లలు ఈత పాఠాలకి సిద్ధంగా ఉండరని అనేది. 2010లో ఆ మాట సడలించింది. 2019లో, చాలామంది పిల్లలకి ఏడాది నిండాక మొదలుపెట్టవచ్చు అంది. ఈ మార్పుకి దారితీసిన వాటిలో 2009లో అచ్చయిన ఒక అధ్యయనం ఉంది. 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల్లో పాఠాలు నేర్చిన వాళ్ళకి మునిగిపోయే ప్రమాదం 88 శాతం తక్కువని అది అంచనా వేసింది. చిన్న అధ్యయనం కాబట్టి ఆ అంకె చుట్టూ అనిశ్చితి ఎక్కువే. పాఠాలు హాని చెయ్యవనీ, మేలు చేసే అవకాశం ఉందనీ తీసుకుంటే చాలు. ఈత వచ్చిన పసిబిడ్డ కూడా మునుగుతుంది. అందుకే ఆ వయసు పిల్లలు నీళ్ళలో ఉన్నప్పుడు ఒక పెద్ద మనిషి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలంటారు. ఆ చెయ్యి తల్లిదే అయి ఉండాలని మాత్రం ఏ వైద్యుడూ చెప్పలేదు. ఈత వచ్చి, కళ్ళు తిప్పకుండా చూసే చెయ్యి కావాలి.

రెండోది బిడ్డ శరీరం. నేర్పే మనిషి బిడ్డని పట్టుకోవాలి, ఎత్తుకోవాలి, బట్టలు మార్చే చోట ఉండాలి. ఆడపిల్లలనీ మగపిల్లలనీ తెలిసిన వాళ్ళే ఎలా వేధిస్తారో మన దగ్గరికొచ్చే కేసుల్లో చూస్తున్నాం. 2012 పోక్సో చట్టం ఉన్నంత మాత్రాన భయం పోదు. అందుకని తల్లిని మళ్ళీ నీళ్ళలోకి తొయ్యటం జవాబు కాదు. పాఠం అందరి కళ్ళ ముందూ జరగాలి. కన్నవాళ్ళు ఎప్పుడైనా చూసే వీలుండాలి. బట్టలు మార్చేటప్పుడు టీచరు ఒంటరిగా ఉండకూడదు. టీచర్ల పూర్వాపరాలు విచారించాలి. తల్లి నీళ్ళలో ఉండక్కర్లేదు, కానీ ఎవరికీ కనపడని గదిలో పాఠం జరగటానికి వీల్లేదు.

ఆయా ఎక్కడ నిలబడుతుంది?

ఇది డబ్బున్న వాళ్ళ గొడవ, మనకెందుకు అని మనలోనే కొందరు అనుకోవచ్చు. హైదరాబాద్‌లో గేటు లోపల కట్టిన ఏ అపార్ట్‌మెంట్ల సముదాయానికైనా వెళ్ళి సాయంత్రం పూల్ దగ్గర నిలబడండి. అమెరికాలో తల్లి కూర్చునే చోట ఇక్కడ ఆయా నిలబడి ఉంటుంది. చేతిలో తువ్వాలు, భుజాన బిడ్డ సంచీ. ఆమె నీళ్ళలో దిగటానికి వీల్లేదు. కొన్నిచోట్ల పనివాళ్ళు దిగరాదని బోర్డే ఉంటుంది. ఆమెకి ఈత నేర్పాలని ఎవరికీ తోచలేదు. కానీ బిడ్డకి ఏమన్నా అయితే మొదట నిలదీసేది ఆమెనే. నీళ్ళు తాకే హక్కు లేదు గానీ నీళ్ళలో జరిగేదానికి బాధ్యత ఆమెది!

ఆ సమయంలో ఆయా సొంత బిడ్డ ఎక్కడుంటుంది? బస్తీలో ఏ పదేళ్ళ అక్క దగ్గరో. ఆ పక్కనే కొత్తగా లేస్తున్న భవనం సెల్లారు గుంతలో వాననీళ్ళు నిండి ఉంటాయి. ఈ పూల్‌ని కట్టిన కూలి స్త్రీల పిల్లలు ఆ గుంత అంచునే ఆడుకుంటారు. 50 మందికి మించి స్త్రీలు పనిచేసే నిర్మాణ స్థలాల్లో ఆరేళ్ళ లోపు పిల్లలకి క్రెష్ పెట్టాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం రాసింది. ఎన్ని చోట్ల చూశాం? రిజిస్టరులో స్త్రీల సంఖ్య ఎప్పుడూ 50 దాటదు. ఐదుగురు పిల్లలు పోగయితే వాళ్ళని చూడటానికి ఒక స్త్రీని పెట్టాలని 2005 ఉపాధి హామీ చట్టంలోనూ రాశారు. పని దగ్గర చెట్టుకి కట్టిన ఉయ్యాలలే మనకి కనపడ్డాయి.

ఒడ్డున కూర్చున్న మధ్యతరగతి తల్లిని రాతిగుండె అనటాన్ని మనం ఒప్పుకుంటే, గుంత దగ్గర బిడ్డని పోగొట్టుకున్న కూలి తల్లిని నిర్లక్ష్యపు మనిషి అనటాన్ని ఏ నోటితో ఖండిస్తాం? అందుకే ఇది మన గొడవ.

బంగ్లాదేశ్‌లో కొంగుకి కొత్త అర్థం

డబ్బు లేని చోట ఇది సాధ్యమా అని అడిగేవాళ్ళు బంగ్లాదేశ్ వైపు చూడాలి. అడుగడుగునా చెరువులూ కాలవలూ ఉన్న ఆ దేశంలో పసిపిల్లలు మునిగిపోవటం ఎక్కువగా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా, తల్లులు వంటలో, నీళ్ళు మోయటంలో, పశువుల పనిలో మునిగి ఉండే గంటల్లో జరుగుతుందని పరిశోధకులు గమనించారు. తల్లులకి జాగ్రత్తలు చెప్పి ఊరుకోలేదు. ఊళ్ళోనే ఒక ఇంట్లో, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా, వారానికి ఆరు రోజులు పిల్లల్ని చూసుకునే కేంద్రాలు పెట్టారు. వాటి పేరు ఆంచల్. బెంగాలీలో ఆ మాటకి చీర కొంగు అని అర్థం. ఒక తల్లి కొంగు చాలదు కాబట్టి ఊరంతా కలిసి ఒక కొంగు పరిచారన్న మాట.

అక్కడే నాలుగేళ్ళు దాటిన పిల్లలకి ఊరి చెరువులో వెదురుతో కట్టిన వేదికల మీద స్థానిక యువతీ యువకులు ఈత నేర్పారు. తల్లులు నీళ్ళలో లేరు. శిక్షణ పొందిన ఊరి మనుషులున్నారు. 2006-2010 మధ్య సాగిన ఈ కార్యక్రమం ఫలితాలు 2012లో వైద్య పత్రికలో వచ్చాయి. ఆంచల్ పిల్లల్లో మునిగి చనిపోవటం 82 శాతం, ఈత నేర్చిన పిల్లల్లో 93 శాతం తక్కువ. 2022లో అక్కడి ప్రభుత్వం 16 జిల్లాల్లో ఇలాంటి 8,000 కేంద్రాలకి ఆమోదం తెలిపింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే వరస చెబుతోంది. బడికి వెళ్ళని పసివాళ్ళకి ముందు సురక్షితమైన చోటు, చూసుకునే మనిషి. బడి వయసు పిల్లలకి ఈత. ఆ సంస్థ 2024 నివేదిక ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది మునిగిపోయారు. వాళ్ళలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళ లోపు పిల్లలు. మన దేశంలో 2022లో మునిగి చనిపోయిన వాళ్ళు అన్ని వయసుల వాళ్ళూ కలిసి 38 వేల పైనే అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క.

మనకి 1975 నుంచీ అంగన్‌వాడీలున్నాయి. కానీ అవి మూడేళ్ళు నిండిన పిల్లలకే కూర్చునే చోటు చూపిస్తాయి. అంతకన్నా చిన్నపిల్లలకి బాలామృతం పాకెట్టు ఇంటికి ఇస్తారు, బిడ్డని మాత్రం ఉంచుకోరు. నడక వచ్చి, బుద్ధి రాని ఆ రెండేళ్ళే నీళ్ళ దగ్గర అన్నిటికన్నా ప్రమాదం. ఆ రెండేళ్ళూ రాజ్యం తల్లి కొంగుకే వదిలేసింది.

ఒక హెచ్చరిక. తల్లి మీది భారాన్ని చాలీచాలని గౌరవ వేతనంతో ఇంకో స్త్రీ మీదకి నెట్టటాన్ని నేను సామాజిక బాధ్యత అనను. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు 42 రోజులు సమ్మె చేస్తే ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. పిల్లల్ని చూడటం అత్యవసర సేవ అని అప్పుడు గుర్తొచ్చింది. జీతం ఇచ్చేటప్పుడు మాత్రం అది స్వచ్ఛంద సేవ!

మనం అడగవలసినవి

మూడేళ్ళ లోపు పిల్లలకి ప్రతి ఊళ్ళోనూ, బస్తీలోనూ రోజంతా నడిచే క్రెష్ ఉండాలి. అందులో పనిచేసే వాళ్ళకి గౌరవ వేతనం కాదు, జీతం ఇవ్వాలి.

మూతలేని సంపుకీ, కంచెలేని గుంతకీ యజమానినీ కాంట్రాక్టరునీ బాధ్యుల్ని చెయ్యాలి. ఇంటి పూల్‌కి నాలుగు వైపులా కంచె ఉంటే పిల్లలు మునిగే ప్రమాదం ఎంతో తగ్గుతుందని అమెరికా అనుభవం చెబుతోంది. కంచె అలసిపోదు, వంట చెయ్యదు, కూలికి పోదు.

ప్రభుత్వ ఈత కొలనుల్లో, ఊరి చెరువుల్లో శిక్షణ పొందిన స్త్రీల చేత పిల్లలకి ఉచితంగా ఈత నేర్పించాలి. కులం పేరుతో ఎవరినీ ఒడ్డున ఆపకూడదు. తల్లులకీ, ఆయాలకీ, అంగన్‌వాడీ కార్యకర్తలకీ వాళ్ళకి నచ్చిన బట్టల్లో నేర్చుకునే వేళలు కేటాయించాలి.

ప్రైవేటు పూల్స్‌లో పసిపిల్లల క్లాసుకి నిబంధనలు రావాలి. నీళ్ళలో దిగి నేర్పే టీచరు, ఆ టీచరుకి కొద్దిమంది పిల్లలే, చూడటం తప్ప ఇంకో పని లేని లైఫ్‌గార్డ్, బయటికి కనపడే పాఠం, బలవంతం నిషేధం: ఇవి లేని చోట ఏ బిడ్డనీ దించకూడదు.

ఏటా జులై 25ని మునిగిపోవటాన్ని నివారించే దినంగా ఐక్యరాజ్యసమితి 2021లో ప్రకటించింది. ఆ రోజు తల్లులకి జాగ్రత్తలు చెప్పే ఉపన్యాసాలు మన సంఘాల వేదికల మీద వద్దు. దాని బదులు పనిచేసే ప్రతి ఊళ్ళోనూ, బస్తీలోనూ ఒక లెక్క తీద్దాం. పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా మూడేళ్ళ లోపు పిల్లలు ఎవరి దగ్గర ఉంటున్నారు? ఆ చూసేవాళ్ళ వయసెంత? వాళ్ళకి ఎవరైనా జీతం ఇస్తున్నారా? దగ్గర్లో నీళ్ళెక్కడున్నాయి, వాటికి మూతో కంచో ఉందా? ఈ నాలుగు ప్రశ్నలకి వచ్చిన జవాబులు తీసుకుని పంచాయితీకీ, మునిసిపాలిటీకీ, జిల్లా కలెక్టరుకీ వెళదాం. తల్లి ఎక్కడుంది అని ఇన్నాళ్ళూ వాళ్ళు మనల్ని అడిగారు. మీరెక్కడున్నారని ఇప్పుడు మనం వాళ్ళని అడుగుదాం.